మూడు వారాల విరమణ

పోయిన వారం కామా టీచరును ఆర్థిక సహాయ విభాగం మెట్ల మీద, ఒళ్ళో ఒక ఉత్తరంతో వదిలి వచ్చాం. ఆమె ఇంకా అక్కడే ఉంది. ఉత్తరం ఆరుసార్లు చదివింది. ఏడోసారి చదవనవసరం లేకుండా కంఠతా వచ్చేసింది.

కొత్తగా వచ్చి కూర్చున్నవారి కోసం నాలుగు ముక్కలు. ఆమె ఏడేళ్ళు తన ఊరి బడిలో పాఠాలు చెప్పింది. పిల్లలు పైకి చదివేటప్పుడు ఎక్కడ ఆగుతారు, ఎందుకు ఆగుతారు అన్నది ఆమెకు పట్టుకున్న పిచ్చి. కామా దగ్గర ఒకటి లెక్కపెట్టండి, చుక్క దగ్గర రెండు లెక్కపెట్టండి అని చెప్పీ చెప్పీ ఆ పేరు తెచ్చుకుంది. ఆ పిచ్చితోనే ఉద్యోగం వదిలి, ముప్పై మూడో ఏట విశ్వవిద్యాలయంలో పైచదువుకు చేరింది. తండ్రి దర్జీ. "నడిచే మిషను ఆపి సూదులు లెక్కపెట్టుకుంటానంటావు" అని ఒక్క మాట అన్నాడు. మళ్ళీ ఆ సంగతి ఎత్తలేదు. ఆరు వారాల కిందట ఒక ఉదయం, ఎవరికో కొలతలు తీసుకుంటూ, టేపు మెడలో ఉండగానే పోయాడు.

ఆమె మూడు వారాలు సెలవు అడిగి ఊరికి వెళ్ళింది. తిరిగి వచ్చి మూడు వారాలుగా తరగతుల్లో కూర్చుంటోంది. ఈ అర్ధ సంవత్సరపు రెండో విడత సహాయం పడవలసిన రోజున సొమ్ముకు బదులు ఉత్తరం వచ్చింది. "మీరు చదువు విరమించుకున్నందున మీ సహాయం సర్దుబాటు చేయబడినది. మొదటి విడతలో మీకు చెందని భాగం తిరిగి చెల్లించవలెను. గురువారం సాయంత్రం అయిదు గంటలకు మీ పేరు జాబితానుండి తొలగించబడును."

ఇవాళ గురువారం. తలుపు మీది గడియారం పదింబావు చూపిస్తోంది.

ఫోను మోగింది. మేనత్త. అన్న కుట్టిన చొక్కాలకు నలభై ఏళ్ళు కాజాలు కుట్టి, బొత్తాలు వేసిన మనిషి. ఇప్పుడు ఆ కొట్టూ ఆ మిషనూ ఆమె ఒక్కతే చూసుకుంటోంది.

"సొమ్ము పడిందా?" అంది అత్త, పలకరింపు కూడా లేకుండా.

"ఇంకా లేదత్తా. చిన్న చిక్కొచ్చింది."

"ఎంత చిన్నది?"

"ఒక్క మాటంత."

"మాటంటే చిన్నదేంటే. మీ నాన్న ఒక్క మాటన్నాడని ఎనిమిది నెలలు మొహం మాడ్చుకు తిరిగావు."

టీచరు నవ్వింది. ఊళ్ళో సగం మంది పిల్లలకు రాయడం నేర్పిన ఆమె ఒక్క అత్త దగ్గరే ఓడిపోయింది. ఏడేళ్ళు సాయంత్రాలు పలక పట్టుకుని ఎదురుగా కూర్చున్నా, అత్తకు అక్షరాలు వంటబట్టలేదు. "నా చేతికి సూది తప్ప ఇంకోటి నిలవదు" అనేది. కాని మాటల్లో అత్తను గెలిచినవాళ్ళు లేరు.

"లోపలికెళ్ళి గొంతు పెంచకు" అంది అత్త. "దారం చిక్కు పడితే లాగకూడదు. వదులు చెయ్యాలి."

"సరే."

"పడగానే చెప్పు. ఇవాళే చెప్పు. మర్చిపోతావేమో, చేతి మీద రాసుకో."

అత్త ఎన్నడూ సొమ్ము సంగతి ఇంతగా అడగలేదు. టీచరుకు అది వింతగానే తోచింది. కాని లోపల కౌంటరు తెరిచిన చప్పుడైంది. ఉత్తరం మడిచి లేచింది.

ఆ గదిలో మూడు కుర్చీలు, ఒక నీళ్ళ కూజా, అద్దం వెనక ఒక మనిషి. అద్దానికి కింద అర్ధచంద్రంలా కోసిన కన్నం. మాట వినపడాలంటే అటువైపు వాళ్ళూ ఇటువైపు వాళ్ళూ కూడా నడుం వంచాలి. ఎవరు ఎవరికి నమస్కారం పెడుతున్నారో తెలియదు. అద్దం వెనకున్న గుమాస్తాను విద్యార్థులంతా దశాంశంగారు అంటారు, ఎదురుగా కాదు. ఎవరి సహాయంలోనైనా అరపైసా తేడా వస్తే ఆయన దాన్ని వదలడు. ఎక్కువైనా వదలడు, తక్కువైనా వదలడు. అందుకని తిట్టేవాళ్ళు తిట్టారు గాని నమ్మనివాళ్ళు లేరు.

ఆయన ఆమె సంఖ్య కొట్టి, తెర చూసి, తల ఊపాడు.

"స్పష్టంగా ఉందండి. ముప్పై ఎనిమిదో రోజున విరమణ. అర్ధ సంవత్సరానికి నూటపది రోజులు. సహాయం మేం ముందే ఇచ్చేస్తాం గాని అది రోజురోజుకీ మీదవుతూ ఉంటుంది. రోజుకూలీ లాంటిదే, కాకపోతే కూలీ ముందు, పని తరవాత. మీ మొదటి విడతలో ఫీజు మేం పట్టుకుని మిగిలింది మీ ఖాతాలో వేశాం. మీరు ముప్పై ఎనిమిదో రోజున మానేశారు కాబట్టి, ముప్పై ఎనిమిదిని నూటపదితో భాగిస్తే ముప్పై నాలుగు పాయింటు అయిదు నాలుగు అయిదు నాలుగు అయిదు నాలుగు... అది తెగదండి, పోతూనే ఉంటుంది. అంత శాతం మీది. మిగతాది విశ్వవిద్యాలయానిది."

"ఎక్కడో ఒకచోట ఆపచ్చు కదా."

"ఎందుకాపాలి?"

"ఊపిరి తీసుకోవడానికి."

దశాంశంగారు కళ్ళజోడు మీదుగా ఆమెను చూశాడు. కౌంటరు దగ్గర ఏడ్చినవాళ్ళను చూశాడు, కేకలు పెట్టినవాళ్ళను చూశాడు. ఊపిరి గురించి చెప్పినవాళ్ళు లేరు.

"నేను మానెయ్యలేదండి" అంది ఆమె. "మూడు వారాలుగా తరగతులకి వస్తూనే ఉన్నాను. హాజరుపట్టీలో సంతకాలున్నాయి. నేనడిగింది విరమణ కాదు, విరామం."

"రెండూ ఒకటేగా."

ఇది టీచరు దగ్గర అనకూడని మాట. అయినా అత్త చెప్పింది గుర్తు పెట్టుకుని గొంతు పెంచలేదు.

"ఒకటి కాదండి. విరామమంటే మళ్ళీ మొదలుపెట్టడానికి ఆగడం. విరమణ అంటే ఇక మొదలుపెట్టకపోవడం. మొదటిది కామా, రెండోది చుక్క."

"నేను అంకెల మనిషినండి."

"నేను మాటల మనిషిని. ఆ మాట నేను రాసి ఉండను. నా దరఖాస్తు చూపించండి."

"కాగితం చూపించే పద్ధతి లేదు. కంప్యూటర్లో ఉన్నదే లెక్క."

"కంప్యూటర్లో ఎక్కించింది ఎవరు?"

"నేనే" అన్నాడు. "ముప్పై ఒక్క ఏళ్ళలో నేను ఎక్కించింది ఒక్కటి దిద్దాల్సి రాలేదు."

"ఏడేళ్ళలో నేను రాసిన దాంట్లో ఒక్క తప్పు దొరకలేదు. పిల్లలకి పందెం కూడా కట్టాను, దొరికితే పెన్సిలు ఇస్తానని. ఒక్క పెన్సిలూ ఖర్చు కాలేదు."

"అయితే ఎవరో ఒకరం ఇవాళ ఓడిపోతాం" అన్నాడు దశాంశంగారు. కోపంగా అనలేదు. చాలాకాలం తరువాత ఒక మంచి లెక్క దొరికినట్టు అన్నాడు. కౌంటరు పక్కనున్న చెక్క పలక పైకి ఎత్తి, "లోపలికి రండి" అన్నాడు.

లోపలి గదిలో ఆరు ఇనుప బీరువాలు గోడ పొడవునా నిలబడి ఉన్నాయి. నాలుగో బీరువా తలుపు సగం తెరుచుకుని మొరాయించింది. ఆయన మోకాలితో ఒక్కటిచ్చాడు. అది కూడా ముప్పై ఒక్క ఏళ్ళ అలవాటే కాబోలు, సరిగ్గా అక్కడే సొట్ట పడి ఉంది. దస్త్రం తీసి, ముడి విప్పి, ఒక్కొక్క కాగితం తిప్పాడు. టీచరు ఆయన భుజం వెనక నిలబడింది. గెలుస్తానన్న ధీమాతోనే నిలబడింది.

తన నీలం సిరా దూరంనుంచే గుర్తుపట్టింది. గీత గీసినట్టు నిటారుగా నడిచే అక్షరాలు.

"మా తండ్రిగారు ఈ ఉదయం మరణించినందున, నాకు మూడు వారాల విరమణ ఇప్పించవలసినదిగా కోరుతున్నాను."

ఎక్కడా కొట్టివేత లేదు. అక్షరం వణకలేదు. మరణించినందున తరువాత కామా కూడా ఉంది.

ఆమె ఆ మాటను చూస్తూ ఉండిపోయింది. ఆ ఉదయం గుర్తుంది. అత్త ఫోను పెట్టేశాక ఈ భవనం వరండాలో, కిటికీ చెక్క మీద కాగితం ఆనించి రాసింది. జాగ్రత్తగా రాస్తున్నాననే అనుకుంది. విరామం తనకు కావలసిన మాట. విరమణ నాన్నది. రెండూ ఒకే నిమిషంలో చేతిలోకి వచ్చాయి. చెయ్యి నాన్నది రాసింది.

"నేనే రాశాను" అంది.

దశాంశంగారు గెలిచిన మొహం పెట్టలేదు. బయటి కూజాలోంచి గ్లాసుడు నీళ్ళు తెచ్చి ఆమె చేతికి ఇచ్చాడు. ఆమె తాగుతుంటే, ఏదో ఒకటి చెయ్యాలి కాబట్టి, ఆ వాక్యాన్ని తానూ వేలు పెట్టి మళ్ళీ చదివాడు. వేలు సగంలో ఆగింది.

"టీచరుగారూ."

"ఊఁ."

"ఇక్కడ మూడు అని ఉంది."

"అవును. మూడు వారాలు."

"మూడు వారాల విరమణ." ఆయన ఆ మాటలను నోట్లో అటూ ఇటూ తిప్పి చూశాడు. "మూడు వారాలకి విరమణ తీసుకునేవాళ్ళు ఎక్కడైనా ఉంటారా అండి?"

"ఉండరు. మూడు వారాలు ముసలివాళ్ళయి, మళ్ళీ వయసు తెచ్చుకున్నట్టు ఉంటుంది."

అని, అన్నాక తనకే నవ్వు వచ్చింది. నాన్న పోయిన తరువాత ఇంకొకరి ఎదుట నవ్వడం ఇదే మొదలు. ఆయన నవ్వలేదు. చెమట తుడుచుకున్నాడు.

"అంకె ఉంది" అన్నాడు. "కళ్ళెదురుగా అంకె ఉంది. నేను అంకె చూడలేదు, మాట చూశాను. నేను మాట చూడ్డమేమిటి?"

కాగితం మీది తేదీ చూసి, తన బల్ల దగ్గరికి నడిచి, సొరుగు లాగి తన దరఖాస్తు నకలు తీశాడు. రెండూ పక్కపక్కన పెట్టాడు. ఒకే తేదీ. ఆయన కాగితం మొదటి పంక్తి ఇలా ఉంది: "పదవీ విరమణ నిమిత్తము దరఖాస్తు."

"ఆ పొద్దున్నే ఇది రాశానండి" అన్నాడు. "తొమ్మిదిసార్లు చింపి రాశాను. విరమణ, విరమణ అని రాసీ రాసీ కళ్ళకి ఆ మాటే అంటుకుంది. ఆ తరవాత వచ్చిన మొదటి కాగితం మీది."

మాటల మనిషి మాటలో పడింది, అంకెల మనిషి అంకెలో పడ్డాడు. ఎవరూ ఎవరినీ అనడానికి లేదు.

"పెన్సిలు నాకే ఇవ్వాలి మీరు" అన్నాడు చివరికి దశాంశంగారు.

"చెరి సగం" అంది ఆమె.

కంప్యూటర్లో ఎక్కినది దిద్దాలంటే విభాగాధికారిణి సంతకం కావాలి. ఆమె సమావేశంలో ఉంది, రెండు దాకా రాదు. మధ్యాహ్నం ఆయన తన డబ్బా తెరిచి సగం మూతలోకి వంపి ఆమె ముందుకు జరిపాడు. సరిగ్గా సగం.

"ఇంక పద్దెనిమిది రోజులుందండి నాకు" అన్నాడు తింటూ. "ఇంట్లో ఏం చేస్తారని అందరూ అడుగుతారు. మా ఆవిడ ఇప్పటినుంచే భయపడుతోంది, కూరలో ఉప్పు కూడా పాయింట్లలో వేయిస్తాడని."

"వేయిస్తారా?"

"తూకం కొన్నాను. ఇంకా చెప్పలేదు."

రెండు దాటాక పై అంతస్తుకు వెళ్ళారు. విభాగాధికారిణి వయసులో గుమాస్తాకు కూతురంత. మనసు బాగుంటే ఆయనను బాబాయ్‌గారూ అంటుంది, లేకపోతే గుమాస్తాగారూ అంటుంది. ఇవాళ సమావేశం బాగా జరగలేదు.

"చెప్పండి గుమాస్తాగారూ."

ఆయన చెప్పాడు. రెండు దరఖాస్తులూ బల్ల మీద పరిచాడు. అధికారిణి రెండూ చదివి, కనుబొమలు ముడిచి, సొరుగులోంచి పచ్చ కాగితమొకటి తీసింది. పొరపాటు దిద్దుబాటు పత్రం. దాని మీద రెండు గడులు. ఒక గడి పక్కన విద్యార్థి, రెండో గడి పక్కన కార్యాలయం.

"పొరపాటు ఎవరిదో ఒక గడిలో గుర్తు పెట్టాలి. రెండిట్లో పెడితే చెల్లదు."

టీచరు కలం తీసేలోపే దశాంశంగారు తన కలం తీసి కార్యాలయం గడిలో గుర్తు పెట్టేశాడు. ఆ గుర్తు కూడా గడి గీతలు దాటకుండా కుదురుగా ఉంది.

అధికారిణి కుర్చీలో వెనక్కి వాలింది.

"బాబాయ్‌గారూ, ఇది పంపితే విచారణ వేస్తారు. విచారణ తేలేదాకా మీ విరమణ కాగితాలు కదలవు, పింఛను కదలదు. తెలుసు కదా."

"తెలుసు మేడం."

"పద్దెనిమిది రోజులుందనగా."

"పదిహేడున్నర. మధ్యాహ్నమైంది."

"మాట తప్పు రాసింది నేనండి" అంది టీచరు. "గుర్తు నా గడిలో పెట్టండి."

"మీ గడిలో పెడితే కమిటీకి వెళ్ళాలమ్మా. కమిటీ వచ్చే నెల కూర్చుంటుంది. మీ పేరు అయిదింటికి పోతుంది. పోయిన పేరు మళ్ళీ ఎక్కించాలంటే వచ్చే ఏడాదే."

వచ్చే ఏడాది. టీచరు మనసులో లెక్క వేసుకుంది. ఉద్యోగం వదిలేసింది. సహాయం లేకపోతే అద్దె గది ఉండదు, గది లేకపోతే ఊరికి పోవాలి. పోయాక ఎవరు తిరిగి వచ్చారు గనక. రాసింది తన చెయ్యే. విరమణ అని రాసుకుంది, అది జరిగి తీరేటట్టే ఉంది. మరోవైపు ఒక ముసలాయన పింఛను.

"నియమాల పుస్తకం ఒకసారి ఇస్తారా?" అంది.

"నాకు కంఠతా వచ్చండి" అన్నాడు దశాంశంగారు. "పన్నెండో నియమం. ముప్పై రోజులు. ముప్పై లోపయితే సర్దుబాటు లేదు, దాటితే ఉంది. కాని అది సెలవులకి. మీది విరమణ కిందికి వెళ్ళిపోయింది కదా."

"వచ్చు అన్న పిల్లలచేత కూడా నేను చూసే చదివిస్తాను."

అధికారిణి పుస్తకం అందించింది. టీచరు పన్నెండో నియమం దగ్గర వేలు పెట్టి, బడిలో చదివినట్టే, పైకి చదివింది. మొదటి కామా దగ్గర ఆగింది. ఒకటి లెక్కపెట్టింది.

"ముప్పై రోజులకు మించని గైర్హాజరు, దానిని విద్యార్థి ఏ పేరుతో పేర్కొన్నప్పటికీ, సహాయపు సర్దుబాటుకు కారణం కాజాలదు."

చిన్నప్పుడు ఇలాంటి కాగితాల్లో కాజాలదు అన్న మాట కనిపిస్తే, దర్జీ కూతురు గనక, దానికి కాజాలు కుట్టలేదు కాబోలు అనుకునేది. ఇవాళ ఆ మాటకు కాజా ఉంది, బొత్తం ఉంది, పెట్టుకుంటే సరిపోయింది కూడా.

"మళ్ళీ చదవండి" అంది అధికారిణి.

మళ్ళీ చదివింది.

"ఏ పేరుతో పేర్కొన్నప్పటికీ" అని అధికారిణి నెమ్మదిగా అంది. "అంటే విరమణ అన్నా, విరామం అన్నా, వనవాసం అన్నా ఒకటే. రోజులే లెక్క. ఇరవై ఒక్క రోజులు."

"అంకెలే లెక్క" అన్నాడు దశాంశంగారు. "ముప్పై ఒక్క ఏళ్ళుగా ముప్పై రోజులూ చదివాను, కాజాలదూ చదివాను. మధ్యలో ముక్క చదవలేదు."

"కామా దగ్గర ఆగలేదు మీరు."

"కామా దగ్గర దూకానండి."

అధికారిణి పచ్చ కాగితం నాలుగు మడతలు పెట్టి చెత్తబుట్టలో వేసింది. "దిద్దుబాటు లేదు, పొరపాటు లేదు. పన్నెండో నియమం కింద ఎక్కింపు, అంతే. తీసుకురండి బాబాయ్‌గారూ, సంతకం పెడతాను. ఇంక ఆవిడకి కామాకి ఒకటి చొప్పున ఏమైనా ఇవ్వండి."

కిందికి వచ్చేసరికి మూడున్నర. దశాంశంగారు కౌంటరు వెనక కూర్చుని, ఒక్కొక్క మీట నొక్కి, ఆమె పేరు జాబితానుండి పోకుండా నిలబెట్టాడు. రెండో విడత రేపు ఉదయం పడుతుందన్నాడు. ఈసారి అద్దం ఇవతల కాకుండా ఆయన పక్కనే కుర్చీ వేసుకుని కూర్చుంది ఆమె. తెర మీద తన సహాయం పంక్తులు పంక్తులుగా కనిపిస్తోంది. ఫీజు. విశ్వవిద్యాలయ సహాయం. దాని కింద, చిన్నగా, ఆమె ఎన్నడూ చూడని పంక్తి ఒకటి.

"బయటి సాయం అంటే ఏంటండీ?"

ఆయన చెయ్యి మీటల మీద ఆగిపోయింది.

"మీరు అడుగుతారనుకోలేదు" అన్నాడు. "అడక్కపోతే నేనే చెప్పాలనుకున్నాను. పంపినవాళ్ళు పేరు చెప్పొద్దంటే, వాళ్ళు బతికున్నంత కాలం మేం చెప్పకూడదు. పోయాక బిడ్డలకి చెప్పచ్చు. మీ కాగితంలో తండ్రిగారు మరణించినందున అని చదివాక, ఆ నియమం మాత్రం నాకు పూర్తిగానే గుర్తుకొచ్చింది."

బీరువా గదిలోకి వెళ్ళి మూడు చీటీలు తెచ్చి ఆమె ముందు పెట్టాడు. బ్యాంకు చీటీలు. మూడింటి మీదా తన ఊరి ముద్ర. నాన్న కొట్టుకు ఎదురుగా ఉన్న బ్యాంకు. ఆమె చేరిన నాటినుంచీ మూడు విడతలు, పోయిన అర్ధ సంవత్సరానివి రెండు, ఈసారిది ఒకటి; మూడు చీటీలు. పేరు గడి ఖాళీ. సంబంధం అన్న గడిలో, కొలతల పుస్తకంలో ఛాతీ, నడుము అని రాసే పొడి చేత్తో, ఒక్క మాట.

తండ్రి.

చుక్క గట్టిగా నొక్కి పెట్టాడు. నాన్న చుక్కలన్నీ అంతే, కాగితం వెనక్కి తేలతాయి. ఆమె చీటీ తిప్పి, వెనక వైపు వేలితో తడిమింది. ఉంది.

"ఎనిమిది నెలలు మాట్లాడలేదు చదువు గురించి" అంది.

"ఇది మాట్లాడ్డం కాదా అండి?"

ఆమె మూడు చీటీలూ వరసగా పేర్చి అడిగింది. "నాకెందుకు తెలియలేదు?"

"బయటినుంచి ఎంత వస్తే ఇక్కడి సహాయంలో అంత తగ్గిస్తాం. అదీ సర్దుబాటే. మొత్తం మారదు, అందుకే మీకు తెలిసుండదు."

"అంటే నాన్న పంపినా పంపకపోయినా నాకొకటే."

"మీకొకటే. మీకు తగ్గించింది ఇంకో విద్యార్థికి వెళ్తుంది."

చొక్కా కుట్టేటప్పుడు నాన్న కుట్టు లోపల రెండు వేళ్ళ గుడ్డ వదిలేవాడు. అడిగితే, మనిషి పెరుగుతాడు కదా అనేవాడు. బయటికి కనిపించేది కాదు. ఇప్పుడు ఎవరో పేరు తెలియని పిల్లకో పిల్లవాడికో ఆ రెండు వేళ్ళ గుడ్డ అందింది. ఆమెకు బాధ కలగలేదు. తిన్న అన్నం ఒంటబట్టినట్టు, కడుపులో వెచ్చగా ఉంది.

"ఎవరికో ఒక చొక్కా కుట్టాడన్నమాట" అంది.

దశాంశంగారు తల ఊపాడు గాని లేవలేదు. కాగితాలు సర్దడమూ లేదు.

"తండ్రిగారు పోయింది ఎన్నాళ్ళన్నారు?"

"ఆరు వారాలు."

"నలభై రెండు రోజులు." ఆయన అంగీ జేబులోంచి మడిచిన ఇంకొక చీటీ తీశాడు. "మూడే ఉంటాయనుకుని తీశానండి. నాలుగోది తగిలింది. అంకె సరిపోయిందని మొన్న చూడకుండానే ఎక్కించాను. ముద్ర చూడండి. పోయిన శుక్రవారం."

అదే బ్యాంకు. అదే సొమ్ము, పైసాతో సహా. పేరు గడి ఖాళీ. సంబంధం గడిలో అదే మాట. కాని చెయ్యి వేరు. పెద్ద పెద్ద అక్షరాలు, ఒక్కొక్కటి విడివిడిగా, గుడ్డ మీద సూదితో గుచ్చుకుంటూ పోయినట్టు. ఆ మాట తరువాత చుక్క లేదు. కామా ఉంది.

తండ్రి,

కామాకు పొట్ట ఉండాలి, తోక ఉండాలి, తోక ఎడమకు తిరగాలి అని ఆమె ఏడేళ్ళు నేర్పింది. ఈ కామాకు పొట్ట ఉంది. తోక ఉంది. తోక ఎడమకే తిరిగింది. ఇది తన దగ్గర నేర్చుకున్నవాళ్ళు తప్ప ఇంకొకరు పెట్టే కామా కాదు. కామా తరువాత గడి చివరిదాకా ఖాళీ. రాసినవాళ్ళు ఇంకేదో రాయబోయి ఆగారు.

"ఎవరో తెలుసా అండి?" అన్నాడు దశాంశంగారు.

ఒళ్ళో ఫోను మోగింది. తెర మీద అత్త పేరు. సొమ్ము పడిందా అని అడగడానికే అయి ఉంటుంది.

టీచరు ఫోను చేతిలోకి తీసుకుంది. చీటీ మీది కామా మీద వేలు పెట్టి, ఎత్తే ముందు, ఒకటి అని లెక్కపెట్టింది.